తుపాకీకి లైటు బిగించే ముందు

చిరంజీవి నాన్నకి,



గ్లాక్ 19 పిస్తోలు కొన్నాననీ, దానికి ఏ లైటు బిగిస్తే మంచిదో చెప్పమనీ రాశావు. మీ వీధిలో రెండిళ్లలో దొంగలు పడి బంగారం పట్టుకుపోయాక నీకు నిద్ర పట్టడం లేదని అమ్మాయి ఫోన్లో చెప్పింది. నీ భయం నాకు తెలుసు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా తుపాకీ జోలికి పోకపోవడం మంచి పని చేశావు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకునే హక్కు లేదు. ఈ సంగతి తెలియక మనవాళ్లు కొందరు చిక్కుల్లో పడతారు.

ఏ లైటో చెబుతాను. కానీ అది కొనే ముందే నువ్వు తేల్చుకోవలసింది ఒకటుంది.

అరిజోనాలో గన్‌సైట్ అనే శిక్షణ కేంద్రాన్ని 1976లో పెట్టిన జెఫ్ కూపర్ పేరు రేంజిలో విని ఉంటావు. ఆయన నాలుగు సూత్రాలు అక్కడి గోడలమీద రాసి ఉంటాయి. కాల్చడానికి సిద్ధపడని దేనిమీదికీ తుపాకీ గొట్టం తిప్పకూడదన్నది రెండోది. ఎదురుగా ఉన్నదేమిటో, దాని వెనకాల ఏముందో రూఢి చేసుకోకుండా కాల్చకూడదన్నది నాలుగోది. లైటు ఉన్నది ఈ నాలుగో సూత్రం కోసమే. చీకట్లో మనిషిని పోల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం కన్నా ఘోరం లేదు కనుక లైటు ఉండాలి, సందేహం లేదు. అయితే దాన్ని తుపాకీకే బిగించావనుకో, నువ్వు ఎటు చూడాలన్నా అటు గొట్టం తిప్పాలి. నాలుగో సూత్రం పాటించబోయి రెండోది తప్పుతావు. నాకున్న బెంగంతా ఇక్కడే.

వచ్చే నెల మీ అమ్మా నాన్నా ఆర్నెల్లకి వస్తున్నారు కదా. విమానం దిగిన వారం రోజులూ వాళ్లకి పగలు రాత్రి, రాత్రి పగలు. మా తమ్ముడి సంగతి నాకు తెలుసు. తెల్లవారుజామున మూడింటికే లేచి, ఎవరినీ లేపకూడదని అడుగులో అడుగేసుకుంటూ, ఏ స్విచ్చి ఎక్కడుందో తెలియక గోడలు తడుముకుంటూ కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళతాడు. ఆ చప్పుడుకి నువ్వు ఉలిక్కిపడి లేస్తావు. నీ చేతిలో ఉన్న ఒకే ఒక్క లైటు తుపాకీకి ఉన్నదైతే, మీ నాన్న ముఖం నీకు కనపడేది తూటా నింపిన గొట్టం ఆయన గుండెకి గురిపెట్టాకే. ఆ క్షణంలో నీ వేలు ఎక్కడుంటుందో నువ్వు హామీ ఇవ్వగలవా? ఉలికిపాటుకి చేతివేళ్లు వాటంతట అవే బిగుసుకుంటాయి. ఎంత శిక్షణ ఉన్నా అది మన చేతుల్లో లేదు.

దక్షిణాఫ్రికా పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మూసి ఉన్న బాత్రూం తలుపులోంచి నాలుగుసార్లు కాల్చాడు. లోపల ఉన్నది ఆయన స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్. దొంగనుకున్నానన్నాడు. పై కోర్టు దాన్ని హత్యగానే తేల్చింది. తలుపవతల ఉన్నదెవరో చూడకపోవడం ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పడానికే ఇది రాశాను.

అందుకని ముందు కొనవలసింది మంచి చేతి టార్చిలైటు. మంచం పక్కన ఎప్పుడూ ఉండాలి. హాల్లో, మెట్ల దగ్గర మనిషి కదలగానే వెలిగే బల్బులు పెట్టించు. చప్పుడు వినగానే గదిలోంచి బయటికి రాకుండా గట్టిగా "ఎవరది?" అని తెలుగులో అడుగు. మీ నాన్నయితే జవాబిస్తాడు. జవాబు రాకపోతే ఎవరెవరు ఎక్కడున్నారో లెక్క చూసుకుని, తలుపు గడియ పెట్టి 911కి ఫోన్ చెయ్యి. ఇల్లంతా వెతుక్కుంటూ తిరగడం నీ పని కాదు. మన ఊరి ఇటుక గోడలు కావు అవి. డ్రైవాల్ పలకలు, 9 ఎంఎం తూటా వాటిని దాటుకుని పిల్లల గదిలోకి పోతుంది.

ఎదురుగా ఉన్నవాడు నిజంగా ప్రాణం తీయడానికే వచ్చాడని తేలిపోయిన తర్వాతే తుపాకీకి ఉన్న లైటుతో పని. అప్పుడు రెండు చేతులతో తుపాకీ పట్టుకోవడానికి అది సాయపడుతుంది.

ఇక నువ్వడిగిన దానికి వస్తాను. వెలుగు ఎంతన్నది లూమెన్లలో, అది ఎంత దూరం సూటిగా పోతుందన్నది కాండెలాల్లో చెబుతారు. ఇంట్లో పదడుగుల గదికి దూరం పోయే కిరణం కన్నా పక్కలకి పరుచుకునే వెలుగే ముఖ్యం. గొట్టం నేలవైపే ఉంచి వెలిగించినా, నేలమీద పడి లేచిన వెలుగులో మనిషి ముఖం పోల్చుకోగలగాలి. నేను లైటుని చూసే మొదటి పరీక్ష అదే. స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-1 హెచ్ఎల్ 1000 లూమెన్లు, 20,000 కాండెలాలు ఇస్తుంది. టీఎల్ఆర్-7ఏ చిన్నది, 500 లూమెన్లు. నడుముకి కట్టుకుని తిరిగేవాళ్లకి ఆ చిన్నది నప్పుతుంది. నీది ఇంట్లో సేఫ్‌లో ఉండేదే కనుక పెద్దదే తీసుకో. ష్యూర్‌ఫైర్ ఎక్స్300 ఇంకా గట్టిది, కానీ ధర దాదాపు రెండింతలు. నీకంత అవసరం లేదు.

స్విచ్చి విషయంలో మాత్రం రాజీ పడకు. 2010లో మీ దగ్గరే, టెక్సాస్‌లోని ప్లేనోలో ఒక పోలీసు అధికారి లైటు వెలిగించబోయి ట్రిగ్గర్ నొక్కేశానన్నాడు. ఎదుటి మనిషి ప్రాణం పోయింది. ఆ లైటు స్విచ్చి పిడిమీద, ట్రిగ్గర్ కాపు కిందుగా ఉండే రకం. నువ్వు అటువంటిది తీసుకోకు. తుపాకీ పట్టిన చేయి కాకుండా రెండో చేతి బొటనవేలితో నొక్కేదే కావాలి. బిగించేటప్పుడు తూటాలన్నీ తీసి, ఛాంబర్ రెండుసార్లు చూసి, గొట్టం ముందుకి వేలు రాకుండా బిగించు. టీఎల్ఆర్-1 హెచ్ఎల్‌కి సీఆర్123ఏ బ్యాటరీలు రెండు పడతాయి. పేరున్న కంపెనీవే వేసి, వాడినా వాడకపోయినా ఏడాదికోసారి మార్చు.

ఇక తుపాకీ దాచే సంగతి. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా నింపిన తుపాకీ వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం. మీ అమ్మా నాన్నా వచ్చేది విజిటర్ వీసా మీద కనుక వాళ్లకీ తుపాకీ ఉంచుకునే హక్కు ఉండదు, సేఫ్ కోడ్ చెప్పకు. వాళ్లు రాగానే మొదటి సాయంత్రమే ఇంట్లో స్విచ్చిలన్నీ చూపించి, తుపాకీ ఉన్న సంగతి కూడా దాచకుండా చెప్పు. మీ అమ్మ కంగారు పడుతుంది. పడనీ.

లైటు వచ్చాక నాకు కబురు చెయ్యి. ఆదివారం రేంజికి వస్తాను. బరువు మారాక నీ గ్లాక్ ఎక్కడైనా ఇరుక్కుంటుందేమో ఒక పెట్టె తూటాలు కాల్చి చూద్దాం. ఆ తర్వాత తుపాకీ సేఫ్‌లోనే ఉంచి, ఉత్త టార్చిలైటుతో మీ ఇల్లు చీకట్లో ఒకసారి తిరిగి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న