మొదట అన్నము, తరువాత పని

ధ్యాన భాగములు: 2 థెస్సలొనీకయులకు 3:6-12, యోహాను 21:9-17



పని చేయనివాడు తినరాదను అపొస్తలుని మాటను మన వికారాబాదు, తాండూరు ప్రాంతములలో కంట్రోలు బియ్యము తెచ్చుకొనువారి మీద అనేకులు ప్రయోగించుచున్నారు. 2025 ఏప్రిల్ నుండి మన రాష్ట్రములో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా వచ్చుచున్నది. ఏదైన పని నేర్చుకొనుటకు ఒప్పుకొన్నవారికే ఆ బియ్యము ఇయ్యవలెనని చెప్పువారు మన సంఘములలోను కలరు. ఇది వాక్యమునకు సరిపోవునా?

పౌలు గద్దించినది పని చేయుటకు ఇష్టములేనివానిని. పని దొరకనివానిని కాదు, చేయలేనివానిని కాదు. అయినను ఆరు కిలోలతో నెలంతయు కూర్చుండి తినగలవాడెవడు? కందిచేలకును బండల గనులకును కూలికి పోవువారే సాయంకాలము ఆ బియ్యమును వండుకొనుచున్నారు.

1876-78 కరవులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న జనులకు పనియు కూలియు కల్పించిరి. ఆ సహాయము సాగినంత కాలము ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అది ముగిసిన పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నమును విశ్వాసముతో ముడివేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. ఆయనయు పని చేయించియే కూలి యిచ్చెను గదా యని కొందరందురు. నిజమే. అయితే పని చేతికిచ్చి కూలి యిచ్చుట వేరు, పని చూపకయే తిండి ఆపుట వేరు.

శిక్షణను మేము తక్కువగా ఎంచుటలేదు. గ్రామములలోని బీద యౌవనస్థులకు పని నేర్పుటకై దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో ఆరంభమైనది. మంచిదే. గాని కొన్ని నెలలు కూలి మానుకొని కూతురు శిక్షణకు పోవలెనన్న, ఇంట మిగిలిన తల్లి ఏమి తినును? ఆ బియ్యమున్నందుననే పిల్ల గడప దాటగలదు. దానిని శిక్షణకు బహుమానముగా చేసినయెడల ముందుగా వెనుదీయునది ఆ బీద ఇల్లే. తిబెరియ సముద్రతీరమున ప్రభువు మొదట నిప్పులు రాజేసి, చేపలును రొట్టెయు పెట్టెను. గొఱ్ఱెలను మేపు పనిని పేతురుకు అప్పగించినది భోజనమైన తరువాతనే.

ఈ సంవత్సరము శిక్షణకు పోగోరు పిల్లల పేర్లను సంఘ పెద్దలు వ్రాసికొనవలెను. వారి యిండ్లలో మేకలను, చిన్నబిడ్డలను ఎవరు చూచుకొందురో కూడ ఆ కాగితము మీదనే వ్రాయుడి.