కౌత్సుడి పద్దు

మా జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన శిల్పాల్లో ఒక రాజు పలక ఉంది. రాజు చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. రెండు వేల ఏళ్ల నాటి ఆ సున్నపురాయి పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అతను బౌద్ధ కథల్లోని మాంధాత అంటారు. మోకాటి లోతు కాసులు కురిపించుకున్నా, ఇంద్రుడి సింహాసనంలో సగం దొరికినా ఆశ తీరక స్వర్గం నుంచి కిందపడ్డవాడు.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, కాసుల వాన అనగానే నాకు రఘువంశం ఐదో సర్గ గుర్తొస్తుంది. కౌత్సుడు చదువు ముగించి, దక్షిణ ఏమివ్వమంటారని గురువును అడిగాడు. నీ సేవే చాలన్నాడు వరతంతు. శిష్యుడు వదల్లేదు. విసుగెత్తిన గురువు, నేర్పిన పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. ఆ పిల్లవాడు రఘుమహారాజు దగ్గరికి వెళ్లేసరికి, ఆయన యాగంలో ఉన్నదంతా దానమిచ్చేసి మట్టిపాత్రతో ఎదురొచ్చాడు. అయినా వెనక్కి పంపలేక కుబేరుడి మీద దండయాత్రకు సిద్ధమయ్యాడు. తెల్లారేసరికి ఖజానా నిండా బంగారం. అంతా తీసుకోమన్నాడు రాజు. గురువుకివ్వాల్సిన దానికి మించి నాకెందుకన్నాడు కౌత్సుడు. మాంధాత చాలదన్నాడు, కౌత్సుడు ఎక్కువన్నాడు.

క్లాసులో పిల్లలకు కుబేరుడే ఇష్టం. నన్ను ఆపేది వేరే సంగతి. ఎంత ఇవ్వాలని అడిగాడే గాని, నీ హాజరెంత, నేర్చుకున్నదేది అప్పజెప్పు అని రఘువు అడగలేదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్న మా అమ్మాయి పోయినసారి ఫోన్లో అడిగింది ఇలాంటిదే. మనవరాలికి అది ఇంట్లోనే చదువు చెబుతోంది. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 మేలో ఒక చట్టం మీద సంతకం చేశాడు. 100 కోట్ల డాలర్లు పక్కన పెట్టి, 2026-27 నుంచి ప్రైవేటు బడికి వెళ్లే పిల్లకు సుమారు 10 వేల డాలర్లు, ఇంట్లో చదివే పిల్లకు 2 వేల దాకా ఇస్తారట. "నాన్నా, దరఖాస్తు పెట్టమంటావా, వద్దంటావా?"

వాళ్ల ఇంటిచదువుల బృందంలో చర్చి కుటుంబాలే ఎక్కువ. అందులో సగం మంది, మేం కట్టిన పన్నే గదా అంటున్నారట. మిగతా సగం, సర్కారు డాలరు వెనకాలే సర్కారు ఇన్‌స్పెక్టరూ వస్తాడంటున్నారు. 1994లో లీపర్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఇంటి బడిని ప్రైవేటు బడి కిందే లెక్కగట్టింది. కష్టపడి తెచ్చుకున్న ఆ స్వేచ్ఛను 2 వేలకు అమ్ముకుంటామా అన్నది వాళ్ల బాధ. దాని అడుగున ఉన్నది మతవిశ్వాసమే. బిడ్డను దేవుడు తల్లిదండ్రులకు అప్పగించాడు, ప్రభుత్వానికి కాదు అని.

ఆ మాటంటే నాకు గౌరవమే. కానీ మనవాళ్లు ఇదే సంగతిని అప్పగింత అనలేదు, అప్పన్నారు. పుట్టగానే మనిషి నెత్తిన పడే మూడు ఋణాల్లో ఋషులది ఒకటి. చదువుకుని, ఇంకొకరికి చదువు చెప్పి తీర్చుకోవాలి. అప్పగించిన దాని మీద పరాయి చెయ్యి పడనివ్వకూడదు, నిజమే. అప్పు తీర్చుకోవడానికైతే రాజు గుమ్మం తొక్కినా తప్పులేదు, కౌత్సుడు తొక్కాడు. కాకపోతే అప్పెంతో తెలిసి వెళ్లాలి.

మరి మనదగ్గర సంగతి? 2020 జనవరిలో అమ్మఒడి మొదలైంది. ప్రభుత్వం మారి పేరు తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో ఇంట్లో ఎంతమంది చదువుకుంటుంటే అంతమందికీ లెక్కగట్టి 15 వేలల్లో 2 వేలు బడుల నిర్వహణకు పట్టుకుని, 13 వేల చొప్పున తల్లి ఖాతాలో వేశారు. సర్కారు బడైనా ప్రైవేటు బడైనా ఒకటే. ఆ డబ్బుతో ఏం కొన్నావని ఆ తల్లిని ఎవరూ అడగరు. పిల్ల గుర్తింపున్న బడిలో ఉందా, నూటికి డెబ్బై అయిదు రోజులు వెళ్లిందా అని మాత్రం అడుగుతారు. టెక్సస్‌లో తిరగేసి ఉంది. పిల్ల ఇంట్లో కూర్చుని చదివినా పట్టింపు లేదు, ఏం కొన్నావన్నదానికి మాత్రం జవాబు చెప్పాలి. డబ్బు కూడా తల్లి చేతికి రాదు, ఖాతాలోంచి ఆమోదించిన వాటికే వెళుతుంది. ప్రతి రాజుకూ ఒక అపనమ్మకం ఉంటుంది. ఇక్కడ పిల్ల కాళ్ల మీద, అక్కడ తల్లి చేతుల మీద.

ఈ లెక్కన నందిగామలో ఎవరైనా పిల్లను ఇంట్లో చదివించుకుంటే పైసా రాదు. ఇది అన్యాయం కాదా అంటుంది మా అమ్మాయి. దానికి తెలియంది కాదు గాని మరిచిపోయింది. సంక్రాంతి దాటితే మా మెట్ట ఊళ్లలో మిరప కోతలు. దానికి ముందు పత్తి తీతలు. ఆ నెలల్లో హాజరుపట్టీ తెరిస్తే ఆడపిల్లల పేర్ల ఎదురుగా వరసగా సున్నాలు. ఏమ్మా అని కబురు పెడితే "ఇంటికాడే చదువుకుంటంది సార్" అనేవాళ్లు. కల్లంలో తాలుకాయలు ఏరడం ఆ చదువు. హోమ్‌స్కూలంటే ఫ్రిస్కోలో ఎమ్మెస్ చదివిన తల్లి. ఇక్కడ ఆ మాటకు చట్టం తలుపు తీస్తే, ఆ తలుపులోంచి ముందు బయటికొచ్చేది మిరపతోట మేస్త్రీ. అందుకే హాజరు నిబంధనను నేను సమర్థిస్తాను. ఆ పిల్లకు అదే అడ్డుగోడ.

అయితే హాజరు ఒంటిని కూర్చోబెడుతుంది, చదువును కాదు. బడి మార్చినా అంతే. లాటరీ తీసి ప్రైవేటు బడికి వోచర్లిచ్చిన ప్రయోగం మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో మొదలైంది. ఐదు జిల్లాల్లో చేశారు, అప్పటి మా కృష్ణా జిల్లా అందులో లేదు. నాలుగేళ్ల తరవాత చూస్తే వోచర్ పిల్లలు హిందీలో ముందున్నారు గాని తెలుగులో, లెక్కల్లో మిగతావాళ్లకూ వాళ్లకూ తేడా లేదు. ఖర్చు మాత్రం ప్రైవేటు బడిలో మూడో వంతే. చవగ్గా అదే చదువు. తెలుగు మేష్టరుగా సంతోషించాలో ఏడవాలో తేలలేదు నాకు.

బృహదారణ్యకంలో జనకుడు యాజ్ఞవల్క్యుడికి వెయ్యేసి ఆవులిస్తానంటాడు, ఒక్కో మాట చెప్పినప్పుడల్లా. బోధ పూర్తికాకుండా పుచ్చుకోకూడదని మా నాన్న అభిప్రాయం అంటాడు ఆయన. ఇంటిచదువుకు మనదగ్గర ఒక కిటికీ తెరవాలంటే ఇదే దారి. బడి మొహం చూడకుండా ఓపెన్ స్కూల్లో పది పాసైన పిల్లకు, ఆ తరవాత ఇవ్వండి. ముందివ్వకండి. నేర్చిందని తేలాక ఇస్తే మేస్త్రీకి దాంట్లో పని ఉండదు.

అమ్మాయితో ఇదంతా చెప్పాను. పన్ను డబ్బు తీసుకుంటే పిల్లకేం వచ్చో చూపించమనే హక్కు ఇచ్చినవాళ్లకుంటుంది, అది ఇష్టం లేకపోతే చెయ్యి చాపకు. ఇష్టమైతే చదువుకెంత అయితే అంతే తీసుకో, కౌత్సుడిలాగా.

"పుస్తకాలకు 600 అవుతాయి నాన్నా. మిగతాదాంతో పియానో నేర్పించమంటోంది నీ మనవరాలు."

పద్నాలుగు విద్యల్లో సంగీతం లేదు. పద్దెనిమిదని లెక్కపెట్టేవాళ్ల జాబితాలో గాంధర్వం ఉంది. టెక్సస్ ఆమోదించిన జాబితాలో పియానో ఉంటే, పద్దెనిమిది లెక్కనే వేసుకోమన్నాను.