ఇంటికప్పు విప్పిన నలుగురు

ధ్యానభాగము: మార్కు 2:1–12



కపెర్నహూములో యేసు బోధించుచుండగా పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొని వచ్చిరి. వాకిట జనము క్రిక్కిరిసి యుండెను. సభ ముగిసిన పిమ్మట వత్తమని వారనుకొనలేదు. కప్పు విప్పి రోగిని పరుపుతోకూడ ప్రభువు ఎదుటికి దింపిరి. ప్రభువు వారి విశ్వాసమును చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. విశ్వాసము కంటికెట్లు కనబడెను? వారి భుజములమీదను, విప్పిన కప్పులోను కనబడెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, మిరపకోతల దినములలో, మా సంఘపెద్ద యొకరు రాత్రి భోజనమైన పిమ్మట రొమ్ములో బరువుగా నున్నదనిరి. ఎడమచేయి లాగుచుండెను, చల్లని చెమట పట్టెను. ఇంటివారు గ్యాసనుకొని సోడా త్రాగించి, నన్ను పిలిచిరి. నేను మోకరించి ప్రార్థించితిని. అది మంచిదే. అటుపిమ్మట "తెల్లవారనిండి, పోవుదము" అని చెప్పినవాడను నేనే. కోడికూయకమునుపే ఆయన ప్రభువునందు నిద్రించిరి. త్వరపడినయెడల బ్రదికెడివారో లేదో దేవునికే తెలియును. నేను మాత్రము ఆ రాత్రి కప్పు విప్పలేదు, వాకిటనే నిలిచిపోతిని.

గుండెపోటనగానేమి? సాగరు కుడికాలువ నీరు పిల్లకాలువలద్వారా మన చేలకు వచ్చునట్లు, గుండె కండకు సన్నని నాళములద్వారా రక్తము వచ్చును. ఏండ్ల తరబడి నాళములో పేరుకొనిన క్రొవ్వు ఒకనాడు చిట్లగా, అక్కడ రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. వాడిన పైరు తడి పెట్టిన తేరుకొనును గాని, చచ్చిన గుండె కండ మరల మొలవదు. అరగంటలోనే కండ చచ్చుట ఆరంభమగును; ఆలస్యమైనకొలది నష్టము పెరుగును. కాబట్టి మొదటి గంట బహు విలువైనది.

రొమ్ములో బిగింపు, చేతికి, దవడకు లేక వీపునకు ప్రాకు నొప్పి, ఆయాసము, చెమట, వాంతి దీని గురుతులు. స్త్రీలకు, వృద్ధులకు, చక్కెరవ్యాధి గలవారికి నొప్పి లేకయే ఆయాసము, నీరసము మాత్రము కలుగవచ్చును. వెంటనే 108కి ఫోను చేయుడి. రోగిని నడిపింపకుడి, కూర్చుండబెట్టుడి. ఆస్పిరిన్ బిళ్ల ఇయ్యవచ్చునా అని వారినే అడుగుడి. స్పృహ తప్పి ఊపిరాడనియెడల రొమ్ము నడుమ గట్టిగా, త్వరత్వరగా నొక్కుచుండుడి. ఆస్పత్రిలో ఇ.సి.జి. తీసి, అవసరమైనవారికి గడ్డను కరిగించు సూదిమందు ఇత్తురు. దాదాపు 40,000 రూపాయల విలువగల ఈ మందును ప్రభుత్వాస్పత్రులలో ఉచితముగా ఇచ్చు ఏర్పాటు మన రాష్ట్రములో 2023లో ఆరంభమాయెను. గనుక బీదవాడు డబ్బుకై జంకి ఆగనక్కరలేదు.

ఆస్పత్రికి పోవుట అవిశ్వాసమని కొందరందురు. హిజ్కియా ప్రార్థింపగా దేవుడాలకించి, పదునైదేండ్ల ఆయుష్షు నిచ్చెను. అయినను యెషయా అంజూరపుపండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థన, మందు రెండును ఒకే దేవుని చేతిలోనివి. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు వాక్యమును వైద్యమును విడదీయక, 1930లో కన్నుమూయువరకు మన ప్రజలకు సేవచేసిరి.

మనది పొగాకు పండించు నేల. అయినను చుట్ట, బీడీ మన గుండెకు శత్రువులు. వాటిని విడిచిపెట్టుడి. రక్తపోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనుడి.

ప్రియులారా, ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే ప్రతి పల్లెలో నలుగురిని ఏర్పరచుకొనుడి. ఒకరు బండి గలవారు, ఒకరు ఫోను గలవారు, ఒకరు ఆ సూదిమందు ఏ ఆస్పత్రిలో నున్నదో ముందుగా విచారించి తెలిసికొనువారు, ఒకరు ఇంటివారికి ధైర్యము చెప్పి తోడు వచ్చువారు. నడిరాత్రి పిలుపు వచ్చినయెడల ఆ నలుగురు లేతురుగాక. దారిలోనే ప్రార్థింతురుగాక.

ప్రభువు మన విశ్వాసమును కూడ చూచునుగాక. ఆమేన్.