జట్టు ఉంటే క్లబ్బు ఉన్నట్టేనా?

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ టైటిల్ గెలిచింది హైదరాబాద్ ఎఫ్‌సీ. 2025లో అదే జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019లో అది పుట్టింది కూడా మూతబడ్డ పుణె సిటీ జట్టు స్థానంలోనే. మరి ఇది చావా, మకాం మార్పా? చూడ్డానికి ఆటల పేజీ సంగతే గానీ, రాజు మిళిందుడికి బౌద్ధ భిక్షువు నాగసేనుడు వేసిన చిక్కుముడి ఇదే. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, కాడి రథం కాదు. అన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరు రథం. ఈ లెక్కన క్లబ్బంటూ ఏదీ లేదు, కాబట్టి చావడానికీ ఏమీ లేదు. ఈ వాదంలో సగమే నాకు సమ్మతం.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కథ దీనికి తిరగేసిన రూపం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం, బలహీనమైన కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు అని షరతులు పెట్టి పోటీలు నడిపేవారు. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1963లో ఆయన పోయారు. పోలీసు శాఖ ఎక్కడికీ పోలేదు. నగరమూ ఉంది, యూనిఫారమూ ఉంది. ఆ ఫుట్‌బాల్ మాత్రం మిగల్లేదు. అంటే సంస్థ బతికుండగానే క్లబ్బు పోవచ్చు.

అలాగైతే కొనసాగడమంటే ఏమిటో భద్రాచలం రామాలయంలో చూడాలి. ఆ ఊరు 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం రాష్ట్రాల సరిహద్దు గీత జరిపినప్పుడు చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఇప్పుడు రాముడు తెలంగాణలో, ఆయన పురుషోత్తపట్నం భూములు ఆంధ్రలో. అయినా గుడి మారిందని ఎవరూ అనరు. గోల్కొండ నవాబు తానీషా మొదలుపెట్టాడని చెప్పుకునే ముత్యాల తలంబ్రాలు నేడు తెలంగాణ ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి కల్యాణానికి వస్తున్నాయి. పంపే సర్కారు మారింది, పంపాల్సిన బాధ్యత తప్పలేదు. నాగసేనుడన్నట్టు పేరు పేరే కావచ్చు. కానీ ఆ పేరు మీద ఎవరో ఒకరు పూచీ పడుతున్నంత కాలం అది ఉత్త పేరు కాదు.

గుళ్లు మాత్రం తరలిపోలేదా అని అడగొచ్చు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. దేవుడు అదే సంగమేశ్వరుడు. నిజమే. కానీ దాన్ని నీళ్లు తరిమాయి, పేరు దానితోపాటే వెళ్లింది, పూజ సాగింది. హైదరాబాద్ ఎఫ్‌సీని ఏ వరదా తరమలేదు. పేరును ఇక్కడే వదిలేసి, లీగులో చోటు మాత్రం పట్టుకుపోయింది. ఇంకో ఆక్షేపణ బరువైనది: గుడికి వందల ఏళ్ల భక్తి ఉంది, ఆరేళ్ల వ్యాపార జట్టుతో పోలికేమిటని. ఒప్పుకుంటాను, క్లబ్బు దేవుడు కాదు. అయితే పోలీస్ జట్టూ నిన్నమొన్నటిదే, వ్యాపారం కాదు, అదీ నిలవలేదు. రహీం తర్వాత అంత పట్టుగా కుర్రాళ్లకు ఆ షరతుల ఆట నేర్పే పూచీ ఎవరూ నెత్తిన వేసుకోలేదు. వయసూ డబ్బూ కాదు, లోపం అక్కడుంది.

కాబట్టి హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీలో బతికే ఉందన్న మాట ఫ్రాంచైజీ విషయంలో నిజం, క్లబ్బు విషయంలో కాదు.