మందు ఇయ్యననుట ఎప్పుడు ధర్మము?

వైద్యుని శ్రీమన్నారాయణ స్వరూపునిగా భావించుట మనకు అనూచానముగా వచ్చుచున్న ఆచారము. కాని ఆ వైద్యుడు వ్రాసిన చీటీని చదివి, మందును లెక్కించి, రోగి చేతికందించువాడు మరియొకడు కలడు. వానిని గూర్చి మనము అంతగా తలపము. అతడు వర్తకుడని కొందరు, వైద్యుని ఆజ్ఞను నెరవేర్చు పరిచారకుడని కొందరు అనుకొందురు. వర్తకుడైనచో సొమ్ము తీసికొని సరకు ఇచ్చుటతోను, పరిచారకుడైనచో చెప్పినది చేయుటతోను అతని ధర్మము ముగియును. మరి అతడు “ఈ మందు నేనియ్యను” అన్నచో? ఆ అధికారము అతనికెక్కడిది? దానికి మేర యెంత?

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దమ్మకు తోడుగా నేనొక మందుల దుకాణమునకు వెళ్లితిని. ఆమెకు కీళ్లవాతము. చేతివ్రేళ్లు వంకరలు తిరిగి, తులసిమాల త్రిప్పుటకు సైతము కష్టపడుచుండెను. పట్టణమున క్రొత్తగా చూపించుకొనిన వైద్యుడు మెథోట్రెక్సేట్ అను మాత్రను వ్రాసి, ప్రక్కన దినమునకొకటి అని గుర్తుంచెను. దుకాణములోని ఫార్మసిస్టు, యువకుడు, ఆ చీటీని రెండుమారులు చదివెను.

“మామ్మగారూ, మిగిలినవన్నీ ఇస్తాను. ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడివ్వను. కొంచెంసేపు కూర్చోండి” అనెను.

“ఎందుకు నాయనా? డబ్బు తెచ్చుకున్నాను. అంత పెద్ద డాక్టరు రాసిచ్చాడు కదా” అని ఆమె చిన్నబుచ్చుకొనెను. నాకును కోపము వచ్చినమాట దాచనేల? బస్సు వేళ మించిపోవుచుండెను.

అతడు మాతో వాదింపక, చీటీపైనున్న నంబరునకు ఫోను చేసెను. ఇరువది నిమిషములు ప్రయత్నించిన మీదట వైద్యుడు దొరకెను. మొదట విసుగుకొనినట్లే తోచినది; పిమ్మట స్వరము మారినది. వ్రాయవలసినది వారమునకొక దినము. తొందరలో ప్రతిదినమని పడినది.

ఆ మాత్ర కొన్ని క్యాన్సర్లకు పెద్ద మోతాదులో వాడునది. కీళ్లవాతమునకు స్వల్పముగా, వారమునకొక దినము మాత్రమే ఇయ్యవలసినది. దానిని ప్రతిదినము మ్రింగినచో నోరు పుండ్లుపడును; ఎముకల మూలుగలో రక్తకణములు పుట్టుట సన్నగిల్లును; ప్రాణమే పోవచ్చును. ఈ ఒక్క పొరపాటు వలన అనేక దేశములలో మరణములు జరిగినవి. ఆ దినమున ఆ యువకుడు వట్టి వర్తకుడైనను, వట్టి పరిచారకుడైనను, మా పెద్దమ్మ గతి ఏమయ్యెడిదో తలచుకొనుటకే భయము.

చట్టము కూడ అతనిని కేవల విక్రేతగా ఎంచలేదు. వైద్యుని చీటీపై మందిచ్చు పనిని 1948 నాటి ఫార్మసీ చట్టము రిజిస్టరైన ఫార్మసిస్టునకే అప్పగించినది. 1945 నాటి ఔషధ నియమముల ననుసరించి, హెచ్ షెడ్యూలు మందులను చీటీ లేనిదే ఇయ్యరాదు. మరల ఇమ్మని వైద్యుడు వ్రాయనిచో ఒక చీటీపై ఒక్కసారికి మించి ఇయ్యరాదు. వ్రాసిన దానికి బదులు వేరొక తయారీని, అందలి పదార్థము అదియే యైనను, తనంతట మార్చి ఇయ్యరాదు. 2013లో ప్రకటింపబడి 2014 మార్చి నుండి అమలులోనికి వచ్చిన హెచ్-1 షెడ్యూలులో మొదట 46 మందులు చేర్చిరి. వానిని ఇచ్చునపుడు వైద్యుని పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చినది పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. నిద్రమాత్రగా జనులెరిగిన ఆల్ప్రాజోలం అందులోనిదే. పాత చీటీ పట్టుకొని మూడవమారు వచ్చినవానికి దానిని ఇయ్యననుట నిర్దయ కాదు. అయితే చిరకాలము వాడినవానికి ఆ మాత్ర ఒక్కసారిగా నిలిచిపోయినచో మూర్ఛలు సైతము రావచ్చును. కనుక ఇయ్యననిన మాటతో పని తీరలేదు. వానిని ఆలస్యము లేకుండ వైద్యుని కడకు పంపవలసియున్నది.

నిజమునకు మన ప్రాంతములలో ఇయ్యకపోవుట వలన కంటె అడిగినదెల్ల ఇచ్చుట వలననే కీడు ఎక్కువ. జలుబన్నంతనే రెండు దినములకు సరిపడ యాంటీబయాటిక్ మాత్రలు కత్తిరించి ఇచ్చు దుకాణములు ఏ వీధిలో లేవు?

ఇచ్చట శ్రీమద్రామాయణములోని ఒక ఘట్టము మనసునకు వచ్చుచున్నది. రావణుని శక్తిచే లక్ష్మణస్వామి పడిపోయినపుడు, ఓషధులు తెమ్మని సుషేణుడు హనుమంతుని పంపెను. పర్వతము చేరిన మారుతికి ఆ మూలిక యేదో ఆనవాలు చిక్కలేదు. పోలికగా కనిపించినదానిని పెరికి తేవచ్చును. లేదా మరలివచ్చి, కానరాలేదని చెప్పవచ్చును. తీసికొనక మరలినచో కాలవిలంబము వలన దోషము కలుగునని ఆ మహాత్ముడు తనలో తాను తర్కించుకొనినట్లు వాల్మీకి మహర్షి చెప్పెను. పిమ్మట శిఖరమునే ఎత్తి తెచ్చెను. ఎరిగిన సుషేణుడు ఓషధిని ఏరికొనెను. మన పౌరాణికులు శిఖరమెత్తిన భుజబలమును వర్ణింతురు. నాకు మాత్రము, ఎత్తుటకు ముందు ఆయన ఆగి ఆలోచించిన ఆ క్షణమే గొప్పదిగా తోచును. తెలియనిదానిని తెలిసినట్లు ఇయ్యలేదు. వట్టి చేతులతోను రాలేదు.

ఇంతవరకు చెప్పినది రోగి మేలు కోరి చేయు నిరాకరణము. ఫార్మసిస్టు తన పాపభీతి చేత ఇయ్యనన్నచో? ఈ ప్రశ్న అమెరికాలో న్యాయస్థానముల వరకు వెళ్లినది. వైద్యులు వ్రాసిన మందులను దుకాణములు సకాలమున అందింపవలెనని వాషింగ్టన్ రాష్ట్రము 2007లో నియమము చేసెను. మతవిశ్వాసము అడ్డుపడిన ఫార్మసిస్టు తాను తప్పుకొనవచ్చును గాని, అదే దుకాణమున మరియొకరు ఇయ్యవలెను; రోగిని వేరొక దుకాణమునకు పంపివేయరాదు. గర్భము రాకుండ అత్యవసరముగా వాడు మాత్రను అమ్ముట ప్రాణహింసతో సమానమని నమ్మిన ఒక కుటుంబము, తమ దుకాణము పక్షమున వ్యాజ్యము వేసెను. 2012లో క్రింది కోర్టు వారి పక్షము వహించెను. 2015లో అప్పీలు కోర్టు నియమమునే నిలిపెను. 2016లో అచ్చటి సుప్రీంకోర్టు ఆ వివాదమును విచారణకు స్వీకరింపలేదు.

ఆ కుటుంబమును నేను పరిహసింపజాలను. ఏకాదశినాడు అన్నము ముట్టని మనము ఇతరుల నియమమును తేలికచేయ తగదు. అమెరికా దాక పోనేల? మన యింటి పిల్లవాడే ఫార్మసీ చదివి దుకాణమున కూర్చుండెననుకొందము. పెక్కు మందుగొట్టముల పైపొర అయిన జెలటిన్ పశువుల చర్మము, ఎముకల నుండి తీసినది. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు హెపారిన్ సాధారణముగా పందిప్రేవుల నుండి తీయుదురు. అడిగిన వైష్ణవునకు ఆ నిజమును చెప్పి, బదులుగా మరియొకటి కలదేమో వైద్యుని అడుగుమనుట ఉచితము. కాని అడుగనివానికి, తన ఆచారము కొరకు, ఆ మందు లేదనవచ్చునా? ఉపవాసమున్నవాడు తాను ఆకలిగొనును. ప్రక్కవాని విస్తరి లాగికొనడు. చేయి ఆడనివాడు కొలువున చేరునాడే యజమానికి చెప్పవలెను, తనకు బదులు ఇచ్చువానిని ఏర్పరచుకొనవలెను, చీటీని పట్టియుంచరాదు, రోగికి ధర్మోపన్యాసము చేయరాదు. రాత్రివేళ, దాపున మరియొక దుకాణము లేని పల్లెలో ఒంటరిగా నున్నచో? ఇచ్చుటయే సరియని నా అభిప్రాయము. కాదనువారు ఉందురు, వారి బాధ నాకు అర్థమగును. ఇక రోగిని, అతని రోగమును చూచి ఏవగించుకొని మందు లేదనువాని మాట వేరు. దానికి అంతరాత్మ అని పేరు పెట్టుటయే తప్పు.

ఆ దినము ఫోను ముగిసిన పిమ్మట ఆ యువకుడు మాత్రలు తీసి, “వారానికి ఒక్కరోజే మామ్మగారూ. ఏ రోజైనా ఫర్వాలేదన్నారు, కానీ ఎప్పుడూ అదే రోజు వేసుకోవాలి. ఏ రోజు రాయమంటారు?” అని అడిగెను.

“శనివారం రాయి నాయనా. స్వామి వారం, మరిచిపోను” అని ఆమె చెప్పెను. అతడు పొట్లముపై పెద్ద అక్షరములతో “శనివారము మాత్రమే” అని వ్రాసి, ఆమె చేత ఒకమారు చదివించి, అప్పుడు ఇచ్చెను. మేము రెండవ బస్సునకు వచ్చితిమి.