కనబడనిది లేనట్లేనా?

సరిచూడడానికి మరో సాధనం లేనప్పుడు ఒక సమాధానాన్ని సత్యమని అంగీకరించవచ్చునా? క్వాంటం కంప్యూటర్ల రాకతో ఈ ప్రాచీన ప్రశ్న ప్రయోగశాలలో ప్రవేశించింది.

ప్రకృతి క్వాంటం నియమాలను అనుసరిస్తుంది గనుక దానిని అనుకరించే యంత్రమూ ఆ నియమాలతోనే పనిచేయాలని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లో సూచించారు. 2019 అక్టోబరులో గూగుల్ శాస్త్రజ్ఞులు, 53 క్యూబిట్ల సికమోర్ యంత్రం ఒక గణనను 200 సెకన్లలో ముగించిందనీ, అందుకు నాటి మేటి సూపర్ కంప్యూటరుకు సుమారు 10,000 సంవత్సరాలు పడుతుందనీ ప్రకటించారు. యాదృచ్ఛికంగా కూర్చిన వలయం నుండి అంకెల వరుసలను వెలువరించడమే ఆ గణన.

ఈ ప్రకటన రెండు ఊహలపై నిలిచింది. యంత్రం సరిగా పనిచేసిందన్నది మొదటిది. పూర్తి వలయాన్ని నేరుగా సరిచూడడం సాధ్యం కానందున, చిన్నవీ సరళమైనవీ అయిన వలయాలను పరీక్షించి, అదే తీరు పెద్దదానికీ వర్తిస్తుందని భావించారు. వంటయింట పొగనూ నిప్పునూ కలిపి చూసినవాడు, కొండమీది పొగను బట్టి అక్కడ నిప్పు ఉందని గ్రహించడం వంటిదే ఇది. నైయాయికులు దీనిని ప్రమాణంగానే అంగీకరిస్తారు.

సాధారణ కంప్యూటరు ఆ పనిని త్వరగా చేయలేదన్నది రెండవది. ఇది అభావాన్ని గురించిన మాట. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణంగా గ్రహిస్తూనే ఒక నియమం విధించారు: ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడనప్పుడే అది లేదనాలి. వెలుతురులో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిలో కనబడకపోతే ఏమీ తేలదు. మెరుగైన గణనపద్ధతి అప్పటికి దొరకకపోవడం చీకటిలోని కుండ వంటిదే. రెండున్నర రోజులు చాలునని ఐ.బి.ఎం. పరిశోధకులు ఆ నెలలోనే వాదించారు. 2022లో చైనా శాస్త్రజ్ఞులు 512 గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో ఆ పనిని సుమారు 15 గంటల్లో నెరవేర్చిన పద్ధతిని ప్రచురించారు. యంత్రం ఇచ్చిన ఫలితం చెక్కుచెదరలేదు. ఇతరులకు అసాధ్యమన్న మాటే నిలవలేదు.

ఇది పండితుల వివాదం మాత్రమే కాదు. 2023 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయల వ్యయంతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఇటువంటి యంత్రాల సమాధానాలపై ప్రజాధనాన్ని వెచ్చించేవారు ముందుగా ఒక భేదాన్ని పాటించాలి. పెద్ద సంఖ్యకు కారణాంకాలను యంత్రం చెబితే, గుణించి చూసి ఎవరైనా నిర్ధారించుకోవచ్చు. ఒక అణువు గుణాన్ని చెబితే ప్రయోగంతో పోల్చవచ్చు. ఈ రెండు మార్గాలూ లేనిచోట, ఏది చూసినదో, ఏది ఊహించినదో విడదీసి చెప్పడం ప్రకటించేవారి ధర్మం. ఆ ఊహను ఖండించడానికి పూనుకొనేవారికి అవకాశమూ వనరులూ కల్పించడం పాలకుల ధర్మం. 2019 నాటి ప్రకటన నిజమైన విలువ ఎంతో లోకానికి తెలిసింది అటువంటి ఖండనల వల్లనే.