అవతలి ఊరి ప్రభ

మనవాళ్ళ గొప్ప మనవాళ్ళ మధ్య చెప్పుకోవడం పెద్ద విద్యేం కాదు. తలలూపేవాళ్ళే చుట్టూ ఉంటారు. అదే గొప్ప అవతలి పక్షంవాళ్ళకి, అందులోనూ కొత్తగా ఎదురుపడ్డవాళ్ళకి చెప్పాల్సివస్తేనే చిక్కు. ఎక్కువ చెబితే డంబం. తక్కువ చెబితే మనవాళ్ళకి ద్రోహం. ఇదంతా మగవాళ్ళ పందేల గొడవ అనుకుంటాం గాని, ఈ ధర్మసంకటంలో ఎక్కువగా పడేది ఆడవాళ్ళమే. ఒక పక్షంలో పుట్టి పెరిగి, మరో పక్షంలో కాపురం చేసేది మనమే కదండీ!

మా కోనసీమ సంగతే చూడండి. కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. గుడీ గోపురం లేని కొబ్బరితోట అది. ఆ ఒక్కరోజు 11 ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ప్రభలమీద అక్కడికి వేంచేస్తారు. ప్రభ అంటే ఎరగనివాళ్ళకి చెప్పాలి. వెదురుతో ఎత్తుగా కట్టి, రంగు వస్త్రాలూ పూలదండలూ గంటలూ అలంకరించి, నడుమ స్వామిని నిలిపి, ఊళ్ళో మగవాళ్ళు భుజాలమీద మోసుకొస్తారు. రోడ్డు వెంట కాదు, పచ్చటి వరిచేలకు అడ్డంపడి వస్తారు. చేను తొక్కుడుపడితే స్వామి నడిచివెళ్ళాడని రైతు సంతోషిస్తాడే గాని విసుక్కోడు. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలో మన రాష్ట్రం తరఫున శకటమై ఊరేగింది ఈ ప్రభల తీర్థమే.

దేవుడు ఒక్కడే అయినా ఊళ్ళు 11 కదా! మా ప్రభ బాగుందంటే మా ప్రభ బాగుందని ప్రతి ఊరికీ ఉంటుంది. నేను పుట్టింది గంగలకుర్రులో. మా ప్రభా, అగ్రహారం ప్రభా ఎగువ కౌశికలో దిగి, ఏటిని దాటి వస్తాయి. "అశ్శరభ శరభ" అని అరుస్తూ నీళ్ళలో మోసేవాళ్ళు మోస్తుంటే గట్టుమీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇంతకు మించిన గొప్ప లోకంలో ఉందని చిన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు.

పాలగుమ్మి కోడలిగా వచ్చాక మొదటి కనుమకి మా అత్తగారు తమ ప్రభ గురించి ఒక్కముక్క ఎత్తలేదు. "మీ ప్రభ ఏరు దాటడం దగ్గరుండి చూశావుటే అమ్మాయ్? ఎలా ఉంటుందో చెప్పు" అన్నారు. గంటసేపు చెప్పాను. "బాగుంది. ఇక మాది విను" అన్నారు. వెదురు ఎవరి తోటలోంచి వస్తుందో, తాళ్ళు బిగించడంలో ఎవరి చెయ్యి గట్టిదో, ఒక్కటీ వదలకుండా చెప్పారు. విన్నాను. మరి వినక చస్తానా, నా సోదంతా అంతసేపు విన్నావిడ!

ఈమధ్య ఈ ప్రశ్న నాకు అమెరికానుంచి వచ్చింది. మా అన్నయ్య మనవరాలు టెక్సాస్ రాష్ట్రంలో ఆస్టిన్‌లో చదువుతోంది. ఫోన్ చేస్తే చదువు సంగతి తక్కువ, కాలేజీ ఫుట్‌బాల్ సంగతి ఎక్కువ. మనమెరిగిన కాలిబంతి కాదది. కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఆ టెక్సాస్ విశ్వవిద్యాలయానికీ, అదే రాష్ట్రంలోని ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయానికీ 1894 నుంచి పోటీ. 2011 తర్వాత ఎ అండ్ ఎం వారు వేరే కూటమికి వెళ్ళిపోవడంతో ఆట ఆగింది. టెక్సాస్ వారూ అదే కూటమిలో చేరాక 2024లో మళ్ళీ మొదలైంది. నడుమ ఎన్ని జట్ల పిల్లలు చదువులు ముగించుకుని వెళ్ళిపోయారో! అవతలివాళ్ళ ముఖం చూడకుండానే వాళ్ళని వెక్కిరించడం నేర్చుకున్నారన్నమాట. "ఇప్పుడు వాళ్ళకి మా గొప్ప ఎలా చెప్పాలి మామ్మా? గెలిచిన ఆటల జాబితా చదవనా?" అంటుంది పిల్ల.

జవాబు అది చెప్పిన కథలోనే ఉంది. ఎ అండ్ ఎం పిల్లలు ఏటా ఈ ఆటకి ముందు మన భోగిమంటలాగ దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవారట. 1999 నవంబరు 18న, ఇంకా తెల్లవారకముందే, పేరుస్తున్న దుంగలు కూలి 12 మంది చనిపోయారు. 8 రోజులకి ఆట జరిగింది. నడుమ విరామంలో టెక్సాస్ వారి బ్యాండు శోకగీతం వాయించి, టోపీలు తీసి నిలబడింది. ఆ రోజు గెలిచింది ఎ అండ్ ఎం. కాని ఇన్నేళ్ళ తర్వాత మా పిల్ల నాకు చెప్పింది గెలుపోటముల సంగతి కాదు, ఆ టోపీల సంగతి.

"అలాగైతే అందరూ ఒకటేనంటే సరిపోదా, ఈ పోటీలెందుకు?" అంటారేమో. నేనొప్పుకోను. అన్నీ ఒకటే అనేస్తే 11 ఊళ్ళు 11 ప్రభలు కట్టడం దేనికి? ఒకటి కట్టి ఊరుకోవచ్చు. పక్క ఊరివాళ్ళు చూస్తారనే కదా మనవాళ్ళు ముడి మీద ముడి వేసేది! ప్రభ కట్టడంలో కష్టం బాగా తెలిసేది, ప్రభ కట్టే మరో ఊరివాళ్ళకే. మన గొప్పకి వాళ్ళకన్నా మంచి సాక్షులు ఎక్కడ దొరుకుతారు?

జగ్గన్నతోటలో ఒక మర్యాద ఉంది. వ్యాఘ్రేశ్వరం స్వామి ప్రభ తోటలోకి రాగానే, అప్పటికే వచ్చి దిగిన ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి ఎత్తుతారు. చేలకడ్డంపడి మోసుకొచ్చి భుజాలు కాయలుకాసి ఉంటాయి. అయినా ఎత్తుతారు. అందువల్ల చిన్నబోయామని ఏ ఊరూ అనుకోదు. పైగా, అలా ఎత్తినప్పుడే ఎవరి ప్రభ వాళ్ళకి మరింత ఎత్తుగా కనిపిస్తుంది.

మా పిల్లకి ఇదే చెప్పాను. ముందు వాళ్ళది అడుగు, పూర్తిగా విను. తర్వాత మీది చెప్పు, మొహమాటానికి ఏమీ తగ్గించకు. ఆటనాడు మాత్రం గొంతు పోయేలా అరువు, తప్పులేదు.

మీ ఇంటికి ఈ ఏడు కొత్తకోడలు వస్తోందా? కనుమకి వాళ్ళ ఊరి ప్రభ సంగతి ముందు అడగండి. గంటసేపు పడుతుంది, కాఫీ కలుపుకుని మరీ కూర్చోండి.